స్కోరెంతని అడక్కండి, వినిపించమనండి

మన ఇళ్ళల్లో ఎవరైనా కొత్తగా ఏదైనా నేర్చుకోవడం మొదలుపెడితే వారం తిరక్కుండా ఒక ప్రశ్న వస్తుంది. "ఎంతవరకు వచ్చింది?" సంగీతమైనా అంతే, స్పోకెన్ ఇంగ్లీషైనా అంతే, స్కూటీ అయినా అంతే. అడిగేవాళ్ళకి చెడు ఉద్దేశం ఏమీ ఉండదు, అదొక పలకరింపు. కానీ ఆ ప్రశ్నకి ఠక్కున ఒక అంకె చెప్పే యంత్రం ఇంట్లోకి వస్తే ఏమవుతుందో ఏడాదిగా చూస్తున్నాను. చూసి చూసి నాకో గట్టి అభిప్రాయం ఏర్పడింది. అది చెప్దామనే ఇదంతా.

ముందు సంగతేమిటో చెప్తాను. నేను ఎలక్ట్రానిక్ డ్రమ్స్ నేర్చుకుంటున్నాను. నవ్వుకోండి, ఫర్వాలేదు. మా ఆడపడుచు అయితే ఫోన్లోనే అయిదు నిమిషాలు నవ్వింది. కిట్ మావాడిది. ఇంటర్ పరీక్షలయ్యాక వాళ్ళ నాన్నని కాకాపట్టి కొనిపించుకున్నాడు. ఒక వేసవంతా వాయించాడు. తర్వాత ఇంజనీరింగ్‌కని హాస్టల్‌కి వెళ్ళిపోయాడు. కిట్ మాత్రం మా వెనక గదిలో ఉండిపోయింది. వానాకాలంలో దాని మీద బట్టలు ఆరేసేవాళ్ళం. నాకు 47 ఏళ్ళు వచ్చాక ఒకరోజు ఆ బట్టలు తీసి మడతపెట్టి స్టూలు మీద కూర్చున్నాను. అప్పట్నుంచి రోజూ మధ్యాహ్నం ఒక అరగంట కూర్చుంటున్నాను. రోజూ వచ్చి చెప్పే గురువుగారెవరూ లేరు. ల్యాప్‌టాప్‌లో ఉన్న నేర్పే సాఫ్ట్‌వేరే పంతులుగారు.

నా అభిప్రాయం ఇదీ. ఆ పంతులు మంచివాడే. మనబోటి ఇల్లాళ్ళకి మరీ మంచివాడు. కానీ ఆయన వేసే మార్కులు ఆయనకీ నేర్చుకునేవాళ్ళకీ మధ్య ఉండాలి. ఇంటిల్లిపాదీ చూసేవి కాకూడదు. ఇంట్లోవాళ్ళు చెయ్యాల్సింది వేరే ఉంది. కూర్చోవడానికి ఆ అరగంట ఇవ్వాలి, అప్పుడప్పుడు వినాలి. యంత్రం చెయ్యలేని పనులు ఆ రెండూ.

తెలియనివాళ్ళ కోసం ఈ డ్రమ్స్ ఎలా పనిచేస్తాయో కాస్త చెప్తాను, తర్వాత చెప్పబోయేదంతా దీనిమీదే ఆధారపడి ఉంది. మామూలు డ్రమ్ముకి చర్మమో ప్లాస్టిక్ పొరో బిగించి ఉంటుంది, కొడితే అదే మోగుతుంది. వీటిలో రబ్బరు ప్యాడ్లుంటాయి, లేదా వలలాంటి మెష్ బిగించిన ప్యాడ్లుంటాయి. రోలాండ్ అనే జపాన్ కంపెనీ 1997లో వి-డ్రమ్స్ తెచ్చినప్పట్నుంచి ఈ మెష్ బాగా వాడుకలోకి వచ్చింది. ప్యాడ్ కింద రూపాయి బిళ్ళంత సెన్సర్ ఉంటుంది. దెబ్బ పడగానే పుట్టే అదురుని అది చిన్న కరెంటు సంకేతంగా మార్చి, పక్కనున్న మాడ్యూల్ అనే పెట్టెకి పంపుతుంది. ఆ పెట్టె తనలో దాచుకున్న డ్రమ్ము శబ్దాన్ని మన హెడ్‌ఫోన్స్‌లో వినిపిస్తుంది. అదే సమయంలో యూఎస్‌బీ వైరు గుండా ల్యాప్‌టాప్‌కి ఒక కబురు పంపుతుంది.

ఆ కబురు రాసే భాష పేరు మిడి. 1983 నుంచి కీబోర్డులూ డ్రమ్ములూ కంప్యూటర్లూ ఒకదానితో ఒకటి మాట్లాడుకునే భాష ఇదే. మన దెబ్బ గురించి ఆ కబురులో ఉండేది రెండే రెండు ముక్కలు. ఏ ప్యాడ్ మీద కొట్టారు, ఎంత గట్టిగా కొట్టారు. గట్టిదనానికి 1 నుంచి 127 దాకా ఒక అంకె. కబురు ఏ క్షణాన అందిందో చూసుకుని, కొట్టాల్సిన సమయంతో పోల్చి, "ముందుగా కొట్టావు" అనో "ఆలస్యంగా కొట్టావు" అనో సాఫ్ట్‌వేర్ చెప్తుంది. పాఠం అయ్యాక నూటికింత అని స్కోరు వేస్తుంది. దాని చదువంతా అంతే. ఏది, ఎప్పుడు, ఎంత గట్టిగా.

ఇంత కొద్దిపాటి చదువుతోనే అది ఎంత మేలు చేస్తుందో ముందు చెప్పాలి. నిమిషానికి 60 దెబ్బలంటే సెకనుకొకటి. అది వేగమనిపిస్తే 50కి దించుకోవచ్చు, 40కి దించుకోవచ్చు. ఒకే ఒక్క ముక్క దగ్గర చెయ్యి తడబడుతుంటే ఆ ముక్కనే గానుగెద్దులా తిప్పి తిప్పి వాయించుకోవచ్చు. నూటొకటోసారి కూడా పంతులుగారు నిట్టూర్చరు. వాచీ చూసుకోరు. "ఈ వయసులో ఎందుకమ్మా మీకిది?" అనరు.

ఇది చిన్న విషయం కాదండీ. పెళ్ళయి పాతికేళ్ళయ్యాక ఒక ఇల్లాలికి ఏదైనా ఒక పని హాయిగా, చేతకాకుండా చేసే వీలు ఎక్కడుంటుంది చెప్పండి? పులుసులో ఉప్పు ఎక్కువైతే ఆ పూటంతా దాని మాటే. చుట్టాలొచ్చినప్పుడు గారెలు మెత్తబడకపోతే వచ్చే సంక్రాంతి దాకా గుర్తుంటుంది. మనం ఇంట్లో చేసే పనులన్నీ ఎప్పుడో వచ్చేసి ఉండాల్సినవి. రాకపోవడానికి వీల్లేనివి. అలాంటి మనకి, అరగంటలో నాలుగొందల దెబ్బలు తప్పుగా కొట్టినా ఎవరికీ ఏమీ కాని చోటు ఒకటి దొరికితే ఎలా ఉంటుందో, మీరు కూర్చుంటే గానీ తెలియదు. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి కావాల్సింది తప్పులు చెయ్యడానికి ఒక మూల. సాఫ్ట్‌వేర్ ఆ మూల ఇస్తుంది. అందుకే దాన్ని ఉత్త వీడియో గేమ్ అని తీసిపారేసేవాళ్ళతో నేను ఒప్పుకోను.

ఇక దానికి కనబడనివి చూద్దాం.

డ్రమ్స్ నేర్చుకునేవాళ్ళందరూ మొదట్లోనే చేసే ఒక అభ్యాసం ఉంది. పారడిడిల్ అంటారు. కుడి, ఎడమ, కుడి, కుడి. ఎడమ, కుడి, ఎడమ, ఎడమ. చేతులు మార్చి మార్చి కొట్టడంలోనే దాని కిటుకంతా ఉంది. పెర్కసివ్ ఆర్ట్స్ సొసైటీ అనే సంస్థ జాబితా చేసిన 40 మూల అభ్యాసాల్లో ఇదొకటి. మన మృదంగం వాళ్ళకి తకధిమి సాధకం ఎలాంటిదో వాళ్ళకి ఇవి అలాంటివి. ఇప్పుడు చూడండి తమాషా. ఎనిమిది దెబ్బలూ ఒకే ప్యాడ్ మీద పడతాయి. ఏ చేత్తో కొట్టామో ఆ మిడి కబురులో ఉండదు. కాబట్టి కుడి, ఎడమ, కుడి, ఎడమ అని మామూలుగా కొట్టుకుపోయినా సరే, సమయానికి పడితే చాలు, నూటికి నూరు వేసేస్తుంది. నేర్చుకోవాల్సింది ఒక్కటీ నేర్చుకోకుండా నూరు మార్కులు!

అలాగే మన భుజాలు దానికి కనబడవు. మణికట్టు కనబడదు. స్టిక్ ఎలా పట్టుకున్నామో కనబడదు. మా వీధి చివర డ్రమ్స్ నేర్పే ఒక కుర్రాడున్నాడు. నెలకోసారి అతని దగ్గరికి వెళ్తాను. మొదటిసారి వెళ్ళినప్పుడు నా స్కోర్ల సంగతి ఏమీ అడగలేదు. ఒక నిమిషం చూసి, "ఆంటీ, భుజాలు దించండి. స్టిక్‌ని అట్లకాడ పట్టుకున్నట్టు పట్టుకోకండి" అన్నాడు. ప్యాడ్ మీద పడిన స్టిక్ తనంతట తానే పైకి లేస్తుంది, దాన్ని లేవనివ్వాలిట. బిగించి పట్టుకుంటే ఆ ఎగురు చచ్చిపోతుంది, ప్రతి దెబ్బకీ మన కండే దాన్ని మోయాలి. అలా నెలల తరబడి వాయిస్తే మణికట్టు నొప్పులు వస్తాయి. వేగం ఎప్పటికీ రాదు. అది చెప్పడానికి మనిషి కావాలి. నెలకోసారైనా చాలు, కానీ కావాలి. పిల్లలకి ఈ సాఫ్ట్‌వేర్లు పెట్టి "ఇంక మాస్టారు ఎందుకు, డబ్బు దండగ" అనుకునే తల్లిదండ్రులకి నేను చెప్పే మాట ఇదే. మాస్టారిని పూర్తిగా మానిపించకండి.

మూడోది తెర. ఈ సాఫ్ట్‌వేర్లలో చాలావాటిలో కొట్టాల్సిన దెబ్బలు రంగురంగుల గుర్తులుగా తెరమీద కదిలొస్తుంటాయి, గీత తాకేసరికి మనం కొట్టాలి. సంగీతలిపి చూపించే తెర ఇంకోటి ఉంటుంది, రోలాండ్ వాళ్ళ డీటీ-1 అనే ట్యూటర్‌లో రెండూ ఉండేవి. రంగుల తెర పిల్లల్ని ఇట్టే కూర్చోబెడుతుంది, నిజమే. కానీ అక్కడ పని చేసేది కళ్ళు. వచ్చేదాన్ని చూసి కొట్టడం. ఆ తెర ఆపేసి అదే పాఠం వాయించమనండి, సగంమంది నాలుగు వరసలు దాటరు. పైగా తాళం పట్టే బాధ్యత కూడా దానిదే. వెనకాల టిక్ టిక్‌మంటూ మెట్రోనోమ్ కొడుతూనే ఉంటుంది, పాట నడుస్తూనే ఉంటుంది. మనం దానివెంట నడిస్తే చాలు. కానీ డ్రమ్స్ వాయించేవాళ్ళ పని వెంట నడవడం కాదు కదండీ, మిగతా అందర్నీ నడిపించడం!

ఈ మాట రాస్తుంటే మా అమ్మమ్మగారి ఊళ్ళో వడ్లు దంచడం గుర్తొస్తోంది. ఒకే రోట్లో ఇద్దరు ఆడవాళ్ళు ఎదురెదురుగా నిలబడి దంచేవాళ్ళు. ఒకరి రోకలి లేచేసరికి ఇంకొకరిది దిగాలి. రెప్పపాటు అటూ ఇటూ అయితే రోకళ్ళు ఢీకొంటాయి. అయినా మాటలాడుకుంటూ, పాట పాడుకుంటూ దంచేవాళ్ళు. దంపుళ్ళ పాటలు ఊరికే పుట్టలేదు, చేతుల్ని కలిపి ఉంచేది ఆ పాటే. వాళ్ళకి స్కోరు ఎవరు వేశారు? ఎదుటి మనిషి రోకలి చప్పుడు వినడమే వాళ్ళ చదువు. లయ అంటే అదీ. నా దెబ్బ సరిగ్గా పడిందా అన్నది అందులో సగమే, పక్కవాళ్ళ దెబ్బ విన్నానా అన్నది మిగతా సగం. మిక్సీలూ రైస్ మిల్లులూ వచ్చి మన నడుముల్ని కాపాడాయి, కాదనను. కానీ ఆ వినడం అనే విద్య మన వంటిళ్ళల్లోంచే పోయింది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. స్కోరు.

మా అపార్ట్‌మెంట్‌లో ఎనిమిదో తరగతి చదివే ఒక పాప ఉంది. దానికీ ఇలాంటి కిట్టే ఉంది, ఇలాంటి సాఫ్ట్‌వేరే ఉంది. వాళ్ళ నాన్న ఆఫీసు నుంచి రాగానే బూట్లు విప్పుతూ, "ఇవాళ ఎంత?" అంటాడు. తొంభై దాటితే సంతోషం. డెబ్భై అంటే మొహం కాస్త ముడుచుకుంటుంది. ఏమీ అనడు పాపం, మంచివాడే. కానీ పిల్ల తెలివైంది కదా. కొన్నాళ్ళకి అది కొత్త పాఠాలు మొదలుపెట్టడం మానేసింది. ఎప్పుడో వచ్చేసిన పాఠాన్నే, వేగం తగ్గించి, మళ్ళీ మళ్ళీ వాయించి తొంభై ఎనిమిదులు తెస్తోంది. నాకు ఆ సంగతి అదే చెప్పింది, కిసుక్కున నవ్వుతూ. "కొత్తది పెడితే అరవై వస్తుందాంటీ, నాన్న ఫీలవుతారు."

చూశారా? ఆ అరవైలోనే ఉంది నేర్చుకోవడమంతా. తొంభై ఎనిమిది అంటే ఆ పాఠంతో ఇక పని అయిపోయిందని అర్థం. యంత్రం వేసిన అంకెలో తప్పేమీ లేదు. ఆ అంకెని ఇంటి మధ్యలోకి తెచ్చి పెట్టినందువల్ల వచ్చింది ఈ తంటా. ర్యాంకులకీ పర్సంటేజీలకీ మనవాళ్ళం ఎలా అలవాటు పడ్డామంటే, ఎక్కడ అంకె కనబడినా దాన్ని పదిమందికీ చెప్పుకోవాల్సిన విషయంగానే చూస్తాం. బడిలో ఎలాగూ తప్పదు. ఆఖరికి చేతులు ఊపుకుంటూ సరదాగా కొట్టే డ్రమ్ముల దగ్గర కూడానా?

"అంకె లేకపోతే పిల్లలు కూర్చోరండీ" అంటారేమో. నిజమే, ఒప్పుకుంటాను. నిన్నటికంటే నాలుగు మార్కులు పెరిగితే నాకూ ఉత్సాహంగానే ఉంటుంది. వరసగా ఇన్ని రోజులు వాయించావు అని అది లెక్క చూపిస్తే, ఆ వరస తెగకూడదని జ్వరం తగ్గిన మర్నాడే వెళ్ళి కూర్చున్నాను. కాబట్టి స్కోరు తీసిపారెయ్యమని నేననను. డైరీలా ఉండనివ్వండి అంటున్నాను. పిల్లదైనా, తల్లిదైనా, డైరీ వాళ్ళది. అడిగి చదవకూడదు. వాళ్ళంతట వాళ్ళు చూపిస్తే చూసి సంతోషించాలి.

మరి ఇంట్లోవాళ్ళు ఏం చెయ్యాలి? మొదటిది సమయం. ఎలక్ట్రానిక్ డ్రమ్స్ కొనేటప్పుడు అందరూ చెప్పే మాట, "చప్పుడు రాదు, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వాయించుకోవచ్చు" అని. చప్పుడు నిజంగానే తక్కువే. బయటికి వినబడేది టపటపమనే చిన్న శబ్దం. ఒక్క కాలి పెడల్ తోనే చిక్కు. దాని అదురు నేలలోంచి కిందింటి పైకప్పుకి దిగిపోతుంది. మా కిందింటి బాబాయిగారు ఒకరోజు పైకొచ్చి, చాలా మర్యాదగా, "అమ్మా, మధ్యాహ్నంపూట ఏమైనా దంచుతున్నారా?" అని అడిగారు. మావాడు హాస్టల్ నుంచి ఫోన్లో చెప్పిన ఉపాయంతో అది తీరింది. రెండు ప్లైవుడ్ చెక్కల మధ్య టెన్నిస్ బంతులు అమర్చి, ఆ చెక్క మీద కిట్ పెట్టాం. అదురుని బంతులు మింగేస్తాయి. ఇప్పుడాయన నిద్ర ఆయనది, నా దంపుడు నాది.

అసలు చిక్కు మాత్రం హెడ్‌ఫోన్స్‌తోనే వచ్చింది. పైగా ఇవి వైరువే వాడాలి, బ్లూటూత్‌వి అయితే కొట్టిన కాసేపటికి గానీ శబ్దం వినబడక లయ చెడుతుంది. అంటే వైరుతో కట్టేసినట్టు ఆ స్టూలు మీదే ఉంటాం. అవి పెట్టుకున్న అరగంటా నాకు కాలింగ్ బెల్ వినబడదు. కుక్కర్ విజిల్ వినబడదు. "ఏమోయ్, నా కళ్ళజోడు ఎక్కడ?" అన్నది వినబడదు. పాతికేళ్ళలో మొదటిసారి ఈ ఇంట్లో నన్ను పిలిస్తే నేను పలకని అరగంట ఒకటి వచ్చింది. మొదటి వారం మా అత్తగారికి భయమేసింది, మావారికి విసుగేసింది. "చప్పుడు రాదన్నారు గానీ, నువ్వు పలకవని చెప్పలేదే" అన్నారు మావారు.

చివరికి ఏమైందంటే, ఏమీ కాలేదు. కొరియర్ వస్తే మా అత్తగారే తలుపు తీస్తున్నారు, ఆ కుర్రాడితో కబుర్లు కూడా చెప్తున్నారు. మావారు ఇంటి నుంచి పనిచేసే రోజుల్లో టీ తనే పెట్టుకుంటున్నారు, ఒక్కోసారి నాకూ పోస్తున్నారు. కళ్ళజోడు ఎప్పుడూ నెత్తి మీదే ఉంటుంది, అది కూడా ఆయనకి ఇప్పుడు తెలుసు.

నేర్పే సాఫ్ట్‌వేర్ ఎంత గొప్పదైనా ఈ అరగంట అది తెచ్చివ్వలేదు. "మీ వీలు చూసుకుని ఎప్పుడైనా నేర్చుకోండి" అంటాయి ఈ ప్రకటనలన్నీ. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళకి "ఎప్పుడైనా" అంటే "ఎప్పుడూ కాదు" అనే అర్థం. మాస్టారు ఇంటికొచ్చే పద్ధతిలో ఒక సుఖం ఉండేది. "మాస్టారొచ్చారు" అంటే ఇల్లు కాస్త తగ్గేది, పిల్లో తల్లో ఆ గంట ఆయన ముందు కూర్చునేవాళ్ళు. యంత్రానికి ఆ గౌరవం ఎవరూ ఇవ్వరు, అది ఎప్పుడంటే అప్పుడు ఆగుతుంది కదా అని. అందుకే ఆ గౌరవం మనుషులే ఇవ్వాలి. మూడున్నర నుంచి నాలుగు అంటే మూడున్నర నుంచి నాలుగే.

"ఇంతకీ ఇదంతా ఎందుకు, కచేరీలు చేస్తావా?" అని ఇప్పటికి ఆరుగురు అడిగారు. మావారు పదిహేనేళ్ళుగా ప్రతి ఆదివారం షటిల్ ఆడుతున్నారు. ఒలింపిక్స్‌కి వెళ్తారా అని ఆయన్ని ఒక్కరూ అడగలేదు. మగవాడి సరదాకి కారణం అక్కర్లేదు. ఆడదాని సరదా మాత్రం సంపాదన అయినా కావాలి, పిల్లల చదువుకి పనికొచ్చేదైనా కావాలి, కనీసం భక్తి అయినా కావాలి. పైగా ఇది తాళవాద్యం. వీణ అయితే ముచ్చటపడేవాళ్ళు, డ్రమ్ములు అనేసరికి "మగపిల్లల గోల" అంటారు. మన ఆంధ్రదేశంలోనే నిడుమోలు సుమతిగారు మృదంగ విదుషీమణిగా పేరు తెచ్చుకుని, 2021లో పద్మశ్రీ అందుకున్నారు. నన్ను ఆవిడతో పోల్చుకోవట్లేదు, చెంపలేసుకుంటాను. లయకి ఆడా మగా లేదని చెప్పడానికి ఆవిడ పేరు చెప్పాను, అంతే.

ఇంట్లోవాళ్ళు చెయ్యాల్సిన రెండో పని వినడం. ఇది మా అత్తగారి దగ్గర చూశాను. ఆవిడకి 76 ఏళ్ళు. పర్సంటేజీల గొడవ ఆవిడకి తెలియదు. ఒకరోజు వచ్చి పక్కన మంచం మీద కూర్చుని, "ఎప్పుడూ ఆ చెవులకి అది పెట్టుకుని నువ్వే వింటావు, ఏదీ, నాకూ వినిపించు" అన్నారు. హెడ్‌ఫోన్స్ వైరు పీకి చిన్న స్పీకర్‌కి తగిలించాను. ల్యాప్‌టాప్ మూసేశాను. తెర లేదు, టిక్ టిక్ లేదు. అందరూ మొదట నేర్చుకునే మామూలు వరసే వాయించాను. హై-హ్యాట్ మీద ఎనిమిది చిన్న దెబ్బలు, ఒకటో అంకెకీ మూడో అంకెకీ కాలితో ధుం, రెండుకీ నాలుగుకీ ఎడమచేత్తో టక్. ఆవిడ తొడ మీద ఆది తాళం వేస్తూ కూర్చున్నారు. చిన్నప్పుడు రెండేళ్ళు సంగీతం నేర్చుకున్నారట. ఇన్నేళ్ళ కాపురంలో ఆ సంగతి నాకు తెలియదు! అయ్యాక, "బావుందే. కానీ ఆ మధ్యలో గబగబా కొట్టేది వచ్చినప్పుడల్లా తొందరపడుతున్నావు, నా తాళం వెనకబడిపోతోంది" అన్నారు.

ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. వెనకాల మెట్రోనోమ్ ఉన్నప్పుడు అది నన్ను పట్టి ఉంచుతుంది, అందుకే స్కోరులో ఆ తొందర కనబడదు. అది లేనప్పుడే నా లయ ఎంత నాదో తెలుస్తుంది. సాఫ్ట్‌వేర్‌తో ఎన్నాళ్ళు కూర్చున్నా బయటపడనిది, ఒక పెద్దావిడ తొడ మీద చెయ్యి వేసుకుని కూర్చుంటే పది నిమిషాల్లో బయటపడింది. ఇప్పుడు వారానికోసారి శనివారం అలా వాయిస్తున్నాను. ముందు నోటితో తకధిమి తకధిమి అనుకుని, తర్వాత చేత్తో. మృదంగం నేర్పే పద్ధతి అదే కదా, నోటితో పలికాకే చేతికి పాఠం. అదీ ఆవిడ సలహానే.

అందుకని, ఇంట్లో ఎవరికైనా ఇలాంటి సాఫ్ట్‌వేర్‌తో ఏదైనా నేర్పించాలనుకుంటే, లేదా మీరే నేర్చుకోవాలనుకుంటే, నాకు తోచినవి నాలుగు మాటలు. రోజుకి ఒక అరగంట, గడియారం చూసి, ఇంట్లో అందరికీ చెప్పి పెట్టుకోండి. నెలకోసారైనా ఒక మనిషికి చేతులు చూపించండి. వారానికోసారి తెర మూసేసి వాయించండి. స్కోరు మాత్రం నేర్చుకునేవాళ్ళకే వదిలెయ్యండి. డ్రమ్ములనే కాదు, కీబోర్డైనా, కొత్త భాషైనా ఇదే లెక్క అనుకుంటాను. నేర్పడం ఇప్పుడు చవకైపోయింది. వినేవాళ్ళే కరువయ్యారు.

మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు ఒక మూల కూర్చుని ఏదో ఒకటి నేర్చుకుంటూనే ఉంటారు. ఈసారి "ఎంతవరకు వచ్చింది?" అనబోయే ముందు ఒక్క క్షణం ఆగి, పక్కన కుర్చీ వేసుకుని, "ఏదీ, వినిపించు" అని చూడండి. తప్పులు వాయిస్తారు, మొహమాటపడతారు. ఫర్వాలేదు, ఒక అయిదు నిమిషాలు కూర్చోండి.